లోపలి గడియ

గడియ పడింది. నేను విన్నాను, నాకు మోకాళ్లు పోయాయి కానీ చెవులు పోలేదు. స్నానాలగదికి లోపలి వైపున్న ఆ ఇనప గడియకి నూనె చుక్క తగిలి ఎన్నేళ్లయిందో, ఎవరు జరిపినా కీచుమంటుంది, ఇప్పుడూ కీచుమంది. ఎందుకమ్మా గడియ? ఇంట్లో ఉన్నది ముగ్గురం. చక్రాల కుర్చీలో నువ్వు లోపలికి తోసుకెళ్లిన మా ఆవిడ, నువ్వు, ఇక్కడ నడవాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న నేను. నేనేమైనా దారినపోయేవాణ్ణా? ఆవిడ మొగుణ్ణి. నా పెళ్లానికి స్నానం చేయించడానికి నన్ను బయట పెట్టి గడియ వేయడమేమిటి? వచ్చి వారం కాలేదు. మొన్నటిదాకా తలుపు ఓరగా వేసేది, నేను తొంగి చూస్తే "ఏం కావాలి అంకుల్?" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వేది. ఆ నవ్వు చూసినప్పుడే అనుకున్నాను, ఇది అసలు నవ్వు కాదని. ఇదిగో, ఇవాళ బయటపడింది.

భుజాన ఎర్ర సంచీతో వస్తుంది, అందుకే ఎర్ర సంచీ ఆవిడ అంటాను నేను. పేరు చెప్పింది, ఇళ్లకి సాయం మనుషుల్ని పంపే ఆఫీసు వాళ్లిచ్చిన కార్డు మెళ్లో వేలాడుతూనే ఉంటుంది, కానీ నేను మనుషుల్ని పేర్లతో పట్టుకోను. సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి, మాకు పేర్లతో పనేమిటి? చేతులు చూస్తాం. టికెట్టు లేనివాడి మొహం దర్జాగానే ఉంటుంది, చేతులే కుదురుగా ఉండవు. మేం బస్సు ఎక్కేటప్పుడు కూడా ముందు తలుపులోంచి ఒకరు, వెనక తలుపులోంచి ఒకరు ఒకేసారి ఎక్కాలి, లేకపోతే దొంగ దిగిపోతాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, కొత్తగా చేరినవాళ్లందరికీ నేనే నేర్పాను. ఎదుటివాణ్ణి మాట పూర్తి చేయనివ్వకూడదు. అబద్ధమెప్పుడూ మాట రెండో సగంలో తయారవుతుంది. "అది కాదు సార్, నేను ఇందాకే..." అనగానే అందుకోవాలి. "ఇందాకే తీసుకున్నావు, కింద పడిపోయింది, అంతేనా?" అంటే వాడు నీళ్లు నములుతాడు. డిపోలో నన్ను కత్తెర అనేవాళ్లు, ఎవడి మాటనైనా మధ్యలో కత్తిరిస్తానని. నాకు తెలియదనుకునేవాళ్లు పాపం.

ఈవిడకన్నా ముందు ముగ్గురొచ్చారు అదే ఆఫీసు నుంచి. మొదటావిడ సెంటు మనిషి, ఆవిడ గుమ్మం ఎక్కకముందే వాసన ఎక్కేది. ఒకరోజు బజారుకి వెళ్తున్నానని చెప్పి వీధి మలుపుదాకా పోయి, పిల్లిలా వెనక తలుపులోంచి వచ్చాను. మంచం మీద మా ఆవిడ పక్కన కూర్చుని తల దువ్వుతోంది, నన్ను చూసి కెవ్వున అరిచి దువ్వెన పారేసింది, మర్నాడు మానేసింది. తప్పు చేయని మనిషి ఎందుకు అరవాలి చెప్పండి? తర్వాత ఫోను మనిషి, ఎప్పుడు చూసినా చెవి దగ్గర ఫోను, అందుకే మా ఇంట్లో రూలు పెట్టాను, లోపలికి అడుగుపెట్టగానే ఫోను నా ఎదురుగా అలమరలో పెట్టాలని. రూలు నచ్చలేదు, వెళ్లిపోయింది. మూడో ఆవిడ ఆవులింతల మనిషి, ఆవులిస్తూ ఆవులిస్తూనే నా మొహం మీద అనేసింది, "మమ్మల్ని కనిపెట్టుకోవడానికే మీ టైమంతా సరిపోతోంది కదా సార్, ఇంక ఆవిణ్ణి ఎవరు చూసుకుంటారు?" అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంపించేశాను. పంపించేయకుండా హారతి పడతారా ఎవరైనా?

ఆదివారం అమ్మాయి వచ్చింది. స్కూలు టీచరు, నాతో కూడా బోర్డు ముందు నిలబడ్డట్టే మాట్లాడుతుంది.

"నాన్నా, ఆఫీసు వాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. ఈవిణ్ణి కూడా పంపించేస్తే మనింటికి ఇంకెవర్నీ పంపరట."

"పంపకపోతే మానె. నేను చూసుకోలేనా మీ అమ్మని?"

"ఏ చేత్తో? ఆ భుజంతో బకెట్టు ఎత్తలేవు, అమ్మనెత్తుతావా? మొన్న నీ చేతుల్లోంచి మెల్లగా జారింది కాబట్టి సరిపోయింది, ఇంకోసారి జారితే తుంటి విరుగుతుంది. ఈవిడ కూడా వెళ్లిపోతే అమ్మని ఓల్డేజ్ హోమ్‌లో చేర్చడమే. నేను మాట్లాడి పెట్టాను కూడా."

మాట్లాడి పెట్టాను కూడా! వినండి ఆ మాట. తనకి గోరుముద్దలు తినిపించిన అమ్మని ఎక్కడ పారేయాలో ముందుగానే మాట్లాడి పెట్టేసింది. ఆ హోమ్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇంటి దగ్గర అమ్మాయిని కూర్చోబెట్టి, ఎక్కడికో చెప్పకుండా వెళ్లి చూసొచ్చాను, ముందు గుమ్మంలోంచి కాదు, వంటింటి వైపు నుంచి. శుభ్రంగానే ఉంది, అబద్ధం చెప్పను. ఫినాయిలు వాసన, గోడ పొడుగునా కుర్చీలు, కుర్చీల నిండా మనుషులు, టీవీ నడుస్తోంది, ఒక్కరి కళ్లూ దాని మీద లేవు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్న పెద్దాయన ఒకాయన నా చెయ్యి పట్టుకుని "నన్ను తీసుకెళ్లడానికి వచ్చారా?" అన్నాడు. కాదండీ అన్నాను. "మరి ఎవరి కోసం వచ్చారు?" అన్నాడు. చెయ్యి విడిపించుకుని వంటింటి వైపు నుంచే వచ్చేశాను. ఆ కుర్చీల వరసలో మా ఆవిణ్ణి కూర్చోబెడితే, పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి, దాహమేస్తోందని ఎవరికి చెబుతుంది? ఆవిడ కళ్లు చదవడం నాకు తప్ప ఎవరికి వచ్చు? వద్దు, ఆ హోమ్ మాత్రం వద్దు, నా ప్రాణం ఉండగా కానివ్వను.

అసలు ఈ ఆఫీసుని వెతికి పట్టుకునేసరికి నా చేత మూడు చెరువుల నీళ్లు తాగించారు. ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు కౌంటర్లో ఒకమ్మాయి "ఇంటి దగ్గర సాయానికి మనుషులు దొరుకుతారు సార్, కనుక్కోండి" అంది. ఎవర్ని అడిగి కనుక్కోవాలో చెప్పలేదు. ఒక చోట ఫోను చేస్తే పాట వినిపించారు, ఆ పాట అయ్యాక ఇంకో పాట, ఎత్తినవాళ్లు లేరు. ఇంకో చోట ఊరి చివరి పేటలకి రామన్నారు. ఇంకో చోట వరసలో ఉండండి, ఎవరైనా ఖాళీ అయితే చెబుతామన్నారు. ఖాళీ అవడమంటే ఏమిటమ్మా అని అడిగాను, అడిగాకే అర్థమైంది, ఎవరో ఒక రోగి పోతేనే అని, ఫోను పెట్టేశాను. చివరికి ఈ ఆఫీసు నుంచి ఒకావిడ ఇంటికొచ్చింది, మర్యాదస్తురాలే, కుర్చీ చివరన కూర్చుని ప్రశ్నలు. మా ఆవిడ తనంతట తాను తల దువ్వుకోగలదా, చెంచా పట్టుకోగలదా, పక్క మీద ఒత్తిగిలగలదా. అన్నిటికీ నేనే జవాబులు చెప్పాను. ఆఫీసావిడ మాత్రం నా వైపు కాకుండా మా ఆవిడ వైపు చూస్తూ, "అమ్మా, మీకేం కావాలి?" అంది. మాట పడిపోయిన మనిషిని పట్టుకుని అదేం ప్రశ్న? మా ఆవిడ పెదవులు కదిలాయి. కాళ్ల నొప్పులకి నూనె రాసే మనిషి కావాలట అని నేను చెప్పాను. ఆఫీసావిడ నన్ను అదోలా చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు.

లోపల మగ్గు చప్పుడు. నీళ్లు. వేడి ఎక్కువ పెట్టలేదు కదా? కుడివైపు చర్మానికి వేడి తెలియదు ఆవిడకి, కాలినా చెప్పలేదు. చెప్పానా ఆ సంగతి ఈవిడకి? చెప్పాను, రోజూ చెబుతున్నాను, నిన్న "తెలుసు అంకుల్, మోచెయ్యి పెట్టి చూస్తున్నాను" అంది విసుగు లేకుండా. విసుగు లేకుండా మాట్లాడేవాళ్లని నేను అసలు నమ్మను, విసుగు మనిషి లక్షణం. పైగా చేతులు కుదురుగా ఉన్నాయి, మరీ కుదురుగా ఉన్నాయి, అలాంటి చేతులు రెండే రకాల మనుషులకి ఉంటాయి, ఏ తప్పూ చేయనివాళ్లకి, చేసి చేసి ఆరితేరినవాళ్లకి. ఇప్పుడు గడియ వేసి ఏం చూస్తోంది? ఒంటి మీద మచ్చలా? మొన్న నా చేతుల్లోంచి జారినప్పుడు మోచేతి దగ్గర కమిలింది, అది చూసి అమ్మాయికి చెబుతుంది, అమ్మాయి ఆఫీసుకి చెబుతుంది, అందరూ కలిసి ఈ ముసలాయన చేతుల్లో మనిషికి భద్రత లేదని తేలుస్తారు. అమ్మాయి ఏరికోరి ఈవిణ్ణి పంపించమందేమో. అయ్యుండొచ్చు. తల్లిని హోమ్‌లో పెట్టాలంటే సాక్ష్యం కావాలి కదా. ఛ, ఏమిటీ ఆలోచన, కన్న కూతురి మీద? కానీ వచ్చిన ఆలోచన పోదు, ఎక్కిన దొంగ లాగే అది కూడా సీటు కింద దూరి కూర్చుంటుంది.

మాటలు వినిపిస్తున్నాయి. ఎర్ర సంచీ ఆవిడ ఏదో అంది. మాట్లాడనీ, స్నానం చేయిస్తూ ఏదో వాగుతుంటారు వీళ్లు, చెయ్యి ఎత్తండమ్మా, కళ్లు మూసుకోండమ్మా అని. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకో గొంతు.

ఇంకో గొంతు! కుర్చీలోంచి సగం లేచాను. బొంగురుగా, బరువుగా, తడిసిన దుప్పటి ఈడ్చినట్టుగా ఉంది. ఆడగొంతో మగగొంతో కూడా తెలియడం లేదు. ఫోను! దొంగచాటుగా ఫోను తీసుకెళ్లింది, ఎవరితోనో... కాదు. ఫోను ఇదిగో నా ఎదురుగా అలమరలోనే ఉంది, వెనక అట్ట మీద గులాబీ పువ్వు బొమ్మతో సహా. మరి లోపల ఎవరు? వెనక తలుపు! నేను ముందు నడవాలో కాపలా కూర్చుంటే వెనక నుంచి ఎవణ్ణో రానిచ్చిందా? మోకాళ్లు మొరపెట్టుకుంటున్నా గోడ పట్టుకుంటూ వంటింట్లోంచి వెళ్లాను. వెనక తలుపు బోల్టు వేసే ఉంది, నేను వేసిందే, తాడుతో కట్టిన ముడి కూడా నాదే. దాన్ని విప్పి పెరట్లోకి తొంగి చూశాను. తీగ మీద తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. మళ్లీ నడవాలోకి వచ్చేసరికి ఆ బొంగురు గొంతు ఇంకా అక్కడే ఉంది.

అప్పుడు తట్టింది నాకు. లోపల రెండో మనిషి లేదు. ఈవిడే రెండు గొంతులూ పలుకుతోంది. మా ఆవిడ నోరు వంకరపోయింది కదా, నాలుక మొద్దుబారింది కదా, ఒకవేళ మాట్లాడితే ఎలా ఉంటుందో అలా అనుకరిస్తోంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒంటి మీద బట్ట లేని మనిషిని, తిరిగి ఒక మాట అనలేని మనిషిని వెక్కిరిస్తోంది. అందుకా గడియ! అదిగో నవ్వుతోంది కూడా, కిలకిలమని. ఎవరి గొంతుని వెక్కిరిస్తున్నావో తెలుసా నీకు? ఊళ్ల మధ్య ఫోను కలపాలంటే ఎక్స్‌ఛేంజికి చేసి అడగాల్సిన రోజుల్లో ఆ ఎక్స్‌ఛేంజిలో కూర్చున్న గొంతు అది. డిపో నుంచి పక్క ఊరి డిపోకి లైను కావాలని నేను అడిగితే "ఉండండి, కలుపుతున్నా" అనేది, ఆ ఒక్క ముక్క వినడానికి పని లేకపోయినా లైను అడిగేవాణ్ణి, ఆ డిపో వాడు ఎత్తి ఏం కావాలి సార్ అంటే ఏం చెప్పాలో తెలియక తిట్టేవాణ్ణి. మనిషిని చూడకముందే మనసు పారేసుకున్నాను. పెళ్లయ్యాక కూడా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే వినపడనట్టు ఊరుకునేవాణ్ణి, రెండోసారి పిలుస్తుందని.

జబ్బు చేశాక డాక్టరు మాట్లాడించండి, మాట్లాడిస్తూ ఉండండి, మెల్లగా వస్తుంది అన్నాడు. మాట్లాడించలేదా నేను? నాకన్నా ఎక్కువ ఎవరు ప్రయత్నించారు? పొద్దున్నే ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఆవిడ "మ..." అని మొదలుపెట్టి, మొహమంతా ఎర్రగా చేసుకుని, మెడ నరాలు ఉబ్బేలా పెనుగులాడేది, చూడలేక నేను "మంచినీళ్లా?" అనేవాణ్ణి. కళ్లు మూసుకునేది. అంటే అవునని కదా. "కి..." అంటే కిటికీ, "దు..." అంటే దుప్పటి. ఎంత సుఖం చూడు, నువ్వు కష్టపడక్కర్లేదు, నీ మాట నోట్లోంచి ఊడిపడకముందే నేను పట్టుకుంటాను అనేవాణ్ణి. తర్వాత తర్వాత ఆ "మ" కూడా మానేసింది. మాట పూర్తిగా పోయిందని డాక్టరుకి నేనే చెప్పాను. ఇలాంటి మనిషి ముందు నిలబడి వెక్కిరిస్తావా? అయిపోయింది నీ పని. హోమ్ అయితే హోమ్, అమ్మాయి ఏమన్నా అననీ, ఈ అవమానం మాత్రం మా ఆవిడ పడక్కర్లేదు. తలుపు దగ్గరికి వెళ్లి పిడికిలి ఎత్తాను.

"మా...ట," అంది ఆ బొంగురు గొంతు, తలుపు చెక్కకి అవతల, నా చెవికి బెత్తెడు దూరంలో. "మొదలు... పెడితే... చాలు." ఆగింది. ఎర్ర సంచీ ఆవిడ ఏమీ అనలేదు. నీళ్ల చప్పుడు కూడా లేదు. ఊరికే ఆగి ఉంది ఆవిడ. ఎంతసేపు ఆగుతావమ్మా, అందించవచ్చు కదా అనిపించింది నాకు, అనిపించాక, వెక్కిరించేవాళ్లు ఇంతసేపు ఆగరని కూడా అనిపించింది. "తనే... పూర్తి... చేస్తాడు. మ... అంటే... మంచి...నీళ్లు. నేను... మల్లి... అందామ...నుకున్నా. మా చెల్లెలు... మల్లి. చూడాలని... ఉంది... అందామని. మంచినీళ్లు... తాగించాడు." ఎర్ర సంచీ ఆవిడ పకపకా నవ్వింది, ఆ బొంగురు గొంతు కూడా నవ్వింది, గరగరమని, కానీ ఆ నవ్వు చివర చిన్నగా ఊపిరి ఎగబీల్చడం ఉంది చూశారూ, దానికి జబ్బు చేయలేదు. అది మాత్రం అలాగే ఉంది. నా పిడికిలి గాల్లోనే ఉండిపోయింది.

మాట్లాడుతోంది. మా ఆవిడ మాట్లాడుతోంది. ఎన్నాళ్ల నుంచి? ఎర్ర సంచీ ఆవిడతోనేనా, ఆవులింతల మనిషితో కూడానా, నేను వెనక నుంచి వచ్చి కెవ్వుమనిపించిన రోజు సెంటు మనిషితో కూడా మాట్లాడుతోందా? ఒక్కొక్కరినే వెళ్లగొట్టాను కదా. తలుపు పక్క గోడకి ఆనుకున్నాను.

"అయితే ఆయనతో చెప్పండమ్మా, ఇలా మాట్లాడగలుగుతున్నారని. సంతోషిస్తారు."

"వద్దు." అది వెంటనే వచ్చింది, ముక్కలు కాకుండా. తర్వాత మళ్లీ వెతుక్కోవడం. "ఆ మనిషి... నా... నా..." ఆగిపోయింది. ఆ మాట నాకు తెలుసు, నోటి చివరిదాకా వచ్చేసింది. నా ప్రాణం తీస్తాడు. అదే అయ్యుంటుంది, ఇంకేమవుతుంది, అందిద్దామన్నంత ఆత్రం, పెదవి పళ్ల కింద పెట్టి నొక్కిపట్టాను, నొప్పి పుట్టేదాకా. "నా... గొంతు... విని... చేసుకున్నాడు," అంది. "ఈ గొంతు... ఎలా... వినిపించను?"

నేను అనుకున్నది కాదు. దుప్పటి కూడా కాదేమో మరి. కిటికీ కూడా కాదేమో. ఆవిడ కళ్లు మూసుకున్నది అవునని కాదేమో. పిచ్చిదానా, నీ గొంతు ఎలా ఉంటే నాకేమిటే, గాడిద గొంతయినా నాకు కావాలే అని అరవాలనిపించింది, కళ్ల నీళ్లు బొటబొటా కారిపోయాయి, ముక్కు ఎగబీల్చడానికి కూడా భయమేసింది.

"ఇంకొంచెం... బాగుపడ్డాక," అంది లోపల. "పిలుస్తా... ఆయన్ని."

"ఏమని పిలుస్తారు?" ఎర్ర సంచీ ఆవిడ గొంతులో నవ్వు. "ఇప్పుడు అనండి చూద్దాం, రోజూ కొంచెం కొంచెం అలవాటు చేద్దాం."

ఆవిడ ఊపిరి తీసుకుంది. నేను ఊపిరి ఆపేశాను. ఏమని పిలిచేది నన్ను? ఏవండీ అని పదిమందిలో, ఇంట్లో వేరే, ఆ రెండోదే అనబోతోందా?

"అమ్మా, ఒక్క క్షణం," అంది ఎర్ర సంచీ ఆవిడ మెల్లగా. "తలుపు కింద నీడ ఉంది."

మా ఆవిడ, "ఆ...పు, ఆపు," అంది, భయంగా. నన్ను చూసి భయం. వెంటనే బకెట్టులో నీళ్లు ధారగా పడటం మొదలైంది, మాటలు కప్పేయడానికి.

తలుపు కొట్టొచ్చు. విన్నానని చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? సంతోషిస్తుందా, సిగ్గుతో చచ్చిపోతుందా? రేపటి నుంచి మళ్లీ నోరు మూసుకుంటే? మూసుకుంటుంది, మొండిఘటం, నాకు తెలుసు. కాదు, ఆవిడ గురించి నాకేం తెలుసు? నేను చెప్పులు వేసుకున్నాను, వేసుకోవాల్సిన దానికన్నా గట్టిగా, టపటపలాడించి, గొంతు సవరించుకుని, రోజూ ఉండే నా కసురు గొంతుతో, "అమ్మాయ్, నేనలా బయటికి వెళ్తున్నా. వెనక తలుపు తీసే ఉంది, చూసుకో. తొందరపడి రాను," అన్నాను. ఇంటిని, మా ఆవిణ్ణి ఒక పరాయి మనిషికి వదిలి, వెనక నుంచి తిరిగొచ్చే ఉద్దేశం లేకుండా గుమ్మం దాటడం నాకిదే మొదలు. గేటు తీసి, అది ఎంత గట్టిగా చప్పుడు చేయగలదో అంత గట్టిగా వేశాను. పక్కింటి వాళ్ల కుక్క లేచి మొరిగింది.

స్నానాలగది కిటికీ వీధి వైపే. పైనున్న ఆ గాజు పలకల సందులోంచి ఆవిరి వస్తోంది, దాంతో పాటే మాటలూ వస్తాయి, గోడ పక్కన నిలబడితే చాలు. నీళ్ల ధార ఆగింది. "వెళ్లిపోయారమ్మా," అంటోంది ఎర్ర సంచీ ఆవిడ, "ఇప్పుడనండి." ఆ గొంతు మొదలైంది, మొదటి అక్షరం, ఒకే ఒక్క అక్షరం నా మీద పడింది, నా నాలుక అప్పుడే రెండోదాని మీదకి దూకబోయింది. చెవులు మూసుకుని పరిగెత్తినంత పని చేశాను, ఈ మోకాళ్లతో.

వీధి మలుపులో పంక్చర్ల షాపు ఉంది. గాలి కొట్టే మిషను దడదడలాడుతోంది. షాపాయన టైరు మీద నుంచి తల ఎత్తి, "ఏం సార్, బండేది?" అని అరిచాడు.

"బండి లేదయ్యా."

"ఆఁ?"

"బండి లేదు! కాసేపు ఇక్కడ నిలబడతాను."

ఆయన నన్ను అనుమానంగా చూసి, స్టూలు ఒకటి నా వైపు జరిపి, మళ్లీ పనిలో పడ్డాడు. ఆ మోతలో పక్కమనిషి మాట కూడా వినపడదు. స్టూలు మిషనుకి ఇంకా దగ్గరగా లాక్కుని కూర్చున్నాను.